ఇంట్లో ముందే చెప్పి ఉంచాల్సిన మాట



2023 జనవరిలో విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక విమానం రేణిగుంటలో దిగింది. అందులో ఒక చల్లని పెట్టె, ఆ పెట్టెలో ఒక మనిషి గుండె ఉన్నాయి. విమానాశ్రయం నుంచి తిరుపతి దాకా పోలీసులు దారి ఖాళీ చేయించి నిలబడ్డారు. అంబులెన్సు నేరుగా శ్రీ పద్మావతి హృదయాలయానికి చేరింది. అక్కడ మన రాయలసీమకే చెందిన పదిహేనేళ్ళ అబ్బాయి ఆ గుండె కోసం ఎదురుచూస్తున్నాడు. డాక్టర్ శ్రీనాథ రెడ్డి గారి బృందం దాన్ని ఆ అబ్బాయి ఛాతీలో అమర్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో ప్రారంభించిన ఆ పిల్లల గుండె ఆస్పత్రిలో జరిగిన తొలి గుండె మార్పిడి అదే.

శరీరం నుంచి వేరుచేసిన గుండె నాలుగు గంటలు, మహా అయితే ఆరు గంటలు నిలుస్తుంది. అందుకే అంతమంది పరుగులు పెట్టారు. డాక్టర్లు, నర్సులు, విమానం నడిపినవాళ్ళు, అంబులెన్సు డ్రైవర్లు, ఎండలో నిలబడి ట్రాఫిక్ ఆపిన కానిస్టేబుళ్ళు. కానీ ఈ పరుగులన్నిటికీ ముందు ఒక మాట ఉంది. రాష్ట్రానికి ఆ కొసన, ఒక ఆస్పత్రిలో, తమ మనిషిని పోగొట్టుకుని ఏడుస్తున్న కుటుంబం "సరే, తీసుకోండి" అన్న మాట. ఆ ఒక్క మాట రాకపోయి ఉంటే విమానం కదిలేది కాదు. నేను ఈరోజు మాట్లాడేది ఆ మాట గురించే. అంత కష్టమైన గడియలో అది ఎలా వస్తుంది, రావాలంటే మనం ఇప్పుడే చేయవలసిందేమిటి అన్నదాని గురించే.

మాది ఏర్పేడు. రేణిగుంట నుంచి నాయుడుపేట పోయే హైవే మా ఊరి మీదుగానే పోతుంది. శ్రీకాళహస్తికి పోయే యాత్రికులు, ఐఐటీ, ఐసర్ విద్యార్థులు, లారీలు, ట్రాక్టర్లు, హెల్మెట్ లేని మోటార్ సైకిళ్ళు, అందరిదీ ఆ దారే. రోడ్డు మాకు చేసిన గాయం చిన్నది కాదు. 2017 ఏప్రిల్ 21న, ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి వచ్చి ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందు నిలబడిన మునగలపాళెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. ఒకే ఊరి నుంచి అన్ని పాడెలు లేచిన ఆ రోజును ఈ ప్రాంతం వాళ్ళెవరూ మరిచిపోలేరు.

అందుకే అవయవదానం గురించి చెప్పేముందు ఒక విన్నపం. ఎవరికీ దాత అయ్యే అవసరం రాకుండా చూసుకోవడం మొదటి పని. బండి తీసే ముందు హెల్మెట్ పెట్టుకోండి. వెనక కూర్చున్న అమ్మాయికీ పెట్టండి. తాగి బండి ఎక్కకండి. రాష్ట్రంలో అవయవదానం చూసే జీవన్‌దాన్ కోఆర్డినేటర్లు కూడా తమ సభల్లో ముందు చెప్పవలసింది ఈ మాటే అని నా నమ్మకం.

ఇక అసలు విషయం. ప్రమాదంలో పోయిన ప్రతి మనిషి అవయవాలూ తీసుకోవడానికి పనికిరావు. గుండె ఆగిపోయాక, రక్తం అందక, లోపలి అవయవాలు కొద్దిసేపట్లోనే పాడైపోతాయి. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు ఎక్కువగా ఒకే పరిస్థితిలో దానానికి అందుతాయి. దాన్నే బ్రెయిన్ డెడ్ అంటున్నాం. తలకు పెద్ద దెబ్బ తగిలినప్పుడు గానీ, మెదడులో రక్తనాళం చిట్లినప్పుడు గానీ, పుర్రె లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందడం పూర్తిగా ఆగిపోతుంది. ఊపిరిని నడిపే మెదడు కాండం కూడా చచ్చిపోతుంది. మనిషి తనంతట తాను ఇక శ్వాస తీసుకోలేడు. వెంటిలేటర్ గాలి కొడుతుంది కాబట్టి ఛాతీ పైకీ కిందికీ కదులుతుంది. గుండెకు సొంతంగా కొట్టుకునే గుణం ఉంది కాబట్టి, ఆక్సిజన్ అందుతున్నంతసేపు కొట్టుకుంటుంది. ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది.

తల్లికి ఇది ఎలా అర్థమవుతుంది? "గుండె కొట్టుకుంటా ఉండాది కదా సామీ, చేయి వెచ్చగా ఉండాది కదా, పోయినాడని ఎట్లంటారు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడగడం ఆ తల్లి హక్కు. దానికి ఓపికగా, మర్యాదగా జవాబు చెప్పడం డాక్టర్ల బాధ్యత. కోమా వేరు, బ్రెయిన్ డెడ్ వేరు. కోమాలో ఉన్న మనిషి మెదడు గాయపడి ఉంటుంది గానీ బతికే ఉంటుంది. తిరిగి లేచినవాళ్ళున్నారు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి లేవడం జరగదు. వెంటిలేటర్ ఉన్నా కొద్ది గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో గుండె కూడా ఆగిపోతుంది.

ఈ నిర్ధారణ ఒక డాక్టరు నోటిమాటతో జరగదు. 1994లో పార్లమెంటు చేసిన అవయవ మార్పిడి చట్టం, 2011లో దానికి చేసిన సవరణ, 2014 నాటి నియమాలు దీనికి కట్టుదిట్టమైన పద్ధతి పెట్టాయి. నలుగురు డాక్టర్లు సంతకం చేయాలి. ఆస్పత్రి బాధ్యుడు, రోగికి వైద్యం చేసిన డాక్టరు, ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోని ఒక స్పెషలిస్టు, ఒక న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్. అవయవం అమర్చే బృందంలోని డాక్టరు వీళ్ళలో ఉండకూడదు. కంట్లో వెలుగు వేసి చూస్తారు, కంటిపాప చిన్నదవుతుందా అని. గొంతులో గొట్టం కదిలించి చూస్తారు, దగ్గు వస్తుందా అని. వెంటిలేటర్ గాలి ఆపి, ఆక్సిజన్ మాత్రం ఇస్తూ చూస్తారు, సొంతంగా ఒక్క ఊపిరైనా తీసుకుంటాడా అని. ఇవన్నీ ఒకసారి చేసి, కనీసం ఆరు గంటలు ఆగి, మళ్ళీ మొదటి నుంచి చేస్తారు. రెండుసార్లూ జవాబు ఒకటే అయితేనే సంతకాలు పడతాయి.

ఆ తరువాతనే కోఆర్డినేటర్ వచ్చి కుటుంబం పక్కన కూర్చుంటారు. మన రాష్ట్రంలో ఈ వ్యవహారమంతా జీవన్‌దాన్ చూస్తుంది. ఏ అవయవం ఎవరికి వెళ్ళాలన్నది ఆ ఆస్పత్రి యజమాని ఇష్టం కాదు, డబ్బున్నవాడి ఇష్టం కాదు. ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్ళ జాబితా ఉంటుంది. రక్తం గ్రూపు, ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారు, జబ్బు ఎంత ముదిరింది, ఇవి చూసి జీవన్‌దాన్ కేటాయిస్తుంది. దాత కుటుంబం ఒప్పుకున్నప్పటి నుంచి అవయవాల కోసం అయ్యే ఖర్చు ఆ కుటుంబం మీద వేయకూడదు. ప్రమాదం కేసు అయితే పోస్టుమార్టం కూడా ఆ ఆపరేషన్‌తో పాటే జరిపించే వీలు చట్టంలోనే ఉంది. ఆపరేషన్ అయ్యాక గాయం కుట్టి, శుభ్రం చేసి, బట్ట కప్పి, ఆ శరీరాన్ని గౌరవంగా అప్పగిస్తారు. చివరిచూపుకు ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ దాతల అంత్యక్రియల్లో ప్రభుత్వం తరఫున గౌరవం తెలుపుతున్నారు.

ఇంత చెప్పినా మనసులో ఒక భయం మిగులుతుంది. కిడ్నీ దందాల వార్తలు పత్రికల్లో చదివినవాళ్ళకు అది మరీ ఎక్కువ. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. బ్రోకర్లు ఉన్నమాట నిజం. వాళ్ళు వెతికేది అప్పుల్లో మునిగిన బతికున్న పేదవాణ్ణి. అవయవం అమ్మినా, కొన్నా, మధ్యవర్తిగా ఉన్నా ఐదు నుంచి పదేళ్ళ జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా అని చట్టం చెబుతోంది. కానీ జైలు ఒక్కటే ఆ వ్యాపారాన్ని ఆపలేదు. ఇస్తామనేవాళ్ళు కొద్దిమంది, కావాలనేవాళ్ళు వేలమంది ఉన్నంతకాలం బ్రోకరుకు పని ఉంటుంది. చనిపోయినవాళ్ళ నుంచి, డబ్బు ప్రసక్తి లేకుండా, జాబితా ప్రకారం అవయవాలు అందడం పెరిగితే బ్రోకరు అవసరం అంతకంతకు తగ్గుతుంది. అవయవదానాన్ని పేదవాడికి రక్షణగా కూడా చూడాలని నేను అంటున్నది అందుకే.

మా వైపు పెద్దవాళ్ళు ఇంకో సందేహం అడుగుతారు. "ఈ జన్మలో కన్ను ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతామంటారే?" అని. ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి ఇరవై కిలోమీటర్ల లోపే. అక్కడి కొండ మీద ఉన్నది ఎవరు? కన్నప్ప. బోయపిల్లవాడు తిన్నడు. శివలింగం కంట నెత్తురు కారుతుంటే చూడలేక తన కన్ను పెకలించి పెట్టినవాడు. రెండో కంట కూడా నెత్తురు వస్తే, గుర్తు కోసం అక్కడ కాలు ఆనించి, రెండో కన్ను కూడా తీయబోయినవాడు. దేవుడే చెయ్యి పట్టుకుని ఆపాడు. కన్ను ఇచ్చిన తిన్నడు గుడ్డివాడుగా మిగిలాడని మన ఏ పెద్దలూ చెప్పలేదు. దేవుడి కన్నా ముందు ఆయనకే మొక్కి పోయేవాళ్ళున్నారు. కన్నప్ప కొండ నీడలో పుట్టి పెరిగినవాళ్ళం, కన్ను ఇస్తే పాపమని మనం ఎలా అనుకుంటాం? కన్నప్ప బతికుండగా, నొప్పి భరించి ఇచ్చాడు. మనల్ని ఎవరూ అంత అడగడం లేదు. మనకు ఇక అక్కర్లేని గడియలో, ఏ నొప్పీ తెలియని స్థితిలో ఇమ్మంటున్నారు.

కళ్ళ సంగతి మరికొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ప్రతి ఇంటి చేతిలో ఉన్న పని. దీనికి బ్రెయిన్ డెడ్ కానక్కరలేదు, ఐసీయూ అక్కరలేదు. ఇంట్లో, మంచం మీద, తొంభై ఏళ్ళకు కన్నుమూసిన అవ్వ కూడా కళ్ళు ఇవ్వొచ్చు. కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్, బీపీ ఉన్నా ఫర్వాలేదు. అవసరమయ్యేది కార్నియా, నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పలచని పొర. ఊపిరి ఆగిన ఆరు గంటల లోపల దాన్ని తీయాలి. కాబట్టి కబురు వెంటనే పంపాలి. కళ్ళు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. పైన తిరిగే ఫ్యాను ఆపండి. ఐ బ్యాంకు వాళ్ళు ఇంటికే వస్తారు. అర గంట లోపు పని ముగుస్తుంది. ముఖం వికారం కాదు, దహనానికి ఆలస్యం కాదు. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు, ఆయన రెండు కార్నియాలను పొరలుగా విడదీసి నలుగురికి అమర్చారు.

అవయవం అందుకునేవాళ్ళ బతుకు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. మూత్రపిండాలు పూర్తిగా పాడైన మనిషి వారానికి రెండు, మూడు సార్లు డయాలసిస్‌కు పోవాలి. ప్రతిసారీ నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. పల్లె నుంచి పోయి రావడంతో ఆ రోజంతా గడిచిపోతుంది. మన సీమ ఎండలో కూడా నీళ్ళు కొలుచుకుని తాగాలి. డయాలసిస్ ఖర్చు ప్రభుత్వ పథకాలు భరించినా, పోయే కూలిని ఎవరూ భరించరు. పక్కన తోడు వచ్చేవాళ్ళ కూలి కూడా పోతుంది. ఒక మూత్రపిండం దొరికితే ఆ మనిషి మళ్ళీ పొలానికి పోగలడు, ఆటో నడపగలడు, బిడ్డ పెళ్ళి చేయగలడు. మందులు రోజూ వేసుకోవాలి, జాగ్రత్తలు జీవితాంతం ఉంటాయి. అయినా కడుపు నిండా నీళ్ళు తాగగలడు.

ఈ విద్య మనకు దూరపుది కూడా కాదు. మన చిత్తూరు వాళ్ళు పెద్ద జబ్బు చేస్తే పోయే వేలూరు సీఎంసీ ఆస్పత్రిలోనే, 1971లో, దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి జరిగింది. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు. ఇప్పుడు దేశమంతా ఆగస్టు 3నే అవయవదాన దినంగా జరుపుకుంటోంది. మన తిరుపతిలో స్విమ్స్‌లో మూత్రపిండ మార్పిళ్ళు జరుగుతున్నాయి, పిల్లల ఆస్పత్రిలో గుండె మార్పిళ్ళు జరుగుతున్నాయి. డాక్టర్లున్నారు, థియేటర్లున్నాయి, విమానాశ్రయం ఉంది. తక్కువైంది దాతలే. 2023లో దేశం మొత్తం మీద మార్పిళ్ళు 18,378 జరిగాయి. ఆ ఏడాది చనిపోయాక దానం చేసినవాళ్ళు 1,099 మంది. నూట నలభై కోట్ల జనాభాలో వెయ్యి చిల్లర! వాళ్ళలో 252 మంది ఒక్క తెలంగాణవాళ్ళు, దేశంలోకెల్లా ఎక్కువ. ఆసరాగా నిలిచే కోఆర్డినేటర్లు, నిలబడి పనిచేసే జీవన్‌దాన్ ఉంటే తెలుగు ఇళ్ళు ఇవ్వడానికి వెనకాడవని ఆ అంకె చెబుతోంది.

మరి ఆ మార్పిళ్ళలో ఎక్కువవాటికి అవయవాలు ఎక్కడివి? బతికున్నవాళ్ళవి. ఇంట్లోవాళ్ళవి. ఇక్కడ నాకు చాలా బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. భర్తకు కిడ్నీ పోతే భార్య ఇస్తుంది. కొడుక్కు పోతే తల్లి ఇస్తుంది. భార్యకు పోయినప్పుడు? 1995 నుంచి 2021 వరకూ దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిళ్ళలో ఆడవాళ్ళు పొందినవి 6,945 మాత్రమేనని జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో చెప్పింది. మిగిలినవి మగవాళ్ళకు. ఇచ్చే చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవి, పుచ్చుకునే చేతుల్లో ఎక్కువ మగవాళ్ళవి. ఆమెను ఎవరూ బలవంతం చేసి ఉండకపోవచ్చు. "ఆయన సంపాదించాలి, ఇల్లు గడవాలి" అని తనే అనుకుని ఉండొచ్చు. కానీ ఆమె జబ్బు పడ్డప్పుడు ఆ ఇల్లు ఆమె కోసం ఎంత దూరం పోతుందో ప్రతి మగవాడూ తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆమె పేరు కూడా జీవన్‌దాన్ జాబితాలో చేర్పించాలి. చనిపోయినవాళ్ళ దానం పెరిగితే, బతికున్న తల్లులు, భార్యలు కత్తి కింద పడుకోవలసిన అవసరం తగ్గుతుంది. వాళ్ళకూ న్యాయంగా వంతు వస్తుంది, ఎందుకంటే ఆ జాబితా మగవాళ్ళని ముందు నిలబెట్టదు.

ఆ జాబితా కులం కూడా చూడదు. కేరళ నుంచి వచ్చిన మలయాళ స్వాముల వారు 1926లో మా ఏర్పేడులో వ్యాసాశ్రమం స్థాపించారు. వేదాంతం చదువుకునే హక్కు ఏ కులంలో పుట్టినవాళ్ళకైనా ఉందని, ఆడవాళ్ళకూ ఉందని ఆ రోజుల్లోనే నిలబడి చెప్పారు, చెప్పి ఊరుకోకుండా చదివించారు. ఆ మాట కోసం ఆయన ఎన్నో వాదాలు ఎదుర్కొన్నారు. ఈరోజు ఒకరి గుండె ఇంకొకరి ఛాతీలో కొట్టుకునేటప్పుడు, డాక్టరు చూసేది రక్తం గ్రూపు. ఇచ్చిందెవరో పుచ్చుకున్నవాళ్ళకు తెలియనివ్వరు, పుచ్చుకున్నదెవరో ఇచ్చినవాళ్ళకు తెలియనివ్వరు. ఏ ఇంటి బిడ్డ గుండె ఏ ఇంటికి పోయిందో లెక్క పెట్టుకోలేని ఆ దానంలో, స్వాముల వారు కోరిన సమానత్వం ఉందని నేను నమ్ముతున్నాను.

ఇక మనం చేయవలసింది. నోటో వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరుతో పేరు నమోదు చేసుకోవచ్చు. సందేహాలుంటే 1800 11 4770 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అయితే కార్డు పర్సులో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆచరణలో మీ ఇంటివాళ్ళ సంతకం లేకుండా ఏ ఆస్పత్రీ ముందుకు పోదు. మీ కోరిక ఏమిటో వాళ్ళకు తెలియకపోతే, ఆ గడియలో వాళ్ళు ఎటూ తేల్చుకోలేరు. "ఒప్పుకుంటే వాడికి అన్యాయం చేసినట్టవుతుందేమో" అని ఒకరు, "బంధువులు ఏమంటారో" అని ఒకరు వెనక్కి తగ్గుతారు. అది వాళ్ళ తప్పు కాదు. అంత దుఃఖంలో, అంత తక్కువ సమయంలో, మన తరఫున అంత పెద్ద నిర్ణయం చేయమని వాళ్ళ మీద వదిలేసి పోవడం మన తప్పు.

కాబట్టి అందరూ బాగున్న రోజున, అన్నం తినేటప్పుడో, పండక్కి అందరూ చేరినప్పుడో చెప్పండి. "నాయనా, నాకేమన్నా అయి డాక్టర్లు లాభం లేదంటే, నా అవయవాలు ఇచ్చేయండి. ఇది నా ఇష్టం. ఎవరన్నా ఏమన్నా అంటే, నేనే చెప్పి పోయినానని చెప్పండి." ఇంతే. మొదట అమ్మ కసురుకుంటుంది, "అపశకునం మాటలు మాట్లాడొద్దు" అంటుంది. అననీయండి. ఇంకోసారి మెల్లిగా చెప్పండి. తరువాత ఆమె ఇష్టమేమిటో ఆమెను అడగండి, ఆమె వద్దంటే ఆ మాటనూ గౌరవించండి. ఇల్లన్నాక అందరి మనసూ అందరికీ తెలిసి ఉండాలి.

ఈ వారంలోనే మీ ఇంట్లో ఆ మాట ఎత్తమని ఏర్పేడు వాళ్ళకూ, తిరుపతి, చిత్తూరు జిల్లాల శ్రోతలందరికీ చేతులు జోడించి అడుగుతున్నాను.